లెనీరా గొంతుకు పట్టిన జబ్బు

సెర్రో, 1962 మే

చిరంజీవి లెనీరాకు,

నీ పిన్ని జుల్మీరా ఆశీస్సులు. నీ మీద బెంగ తప్ప ఇక్కడ అందరం కులాసా. శనివారం సాయంత్రం నువ్వు రేడియోలో పాడతావని రాశావు కదా, వీధి వీధంతా మన ముందుగదిలోనే ఉంది. మీ తెర్తులియానో బాబాయి రేడియోకి చెవి ఆనించి కూర్చున్నాడు. గిటారు వినబడింది. ఆ తరువాత ఎవరో మూలుగుతున్నట్టు వినబడింది. "అది మన పిల్లేనా?" అన్నాడు మందులషాపు ఎవరిస్తో. నాకు తల కొట్టేసినట్టయింది. చర్చిలో నువ్వు గొంతెత్తితే కప్పు మీది పావురాలు లేచిపోయేవి. రియోకి వెళ్ళి ఏడాదన్నా కాలేదు, ఆ గొంతు ఏమైపోయింది తల్లీ? డాక్టరు ఏమన్నాడు? దాచకు.

ప్రేమతో,
పిన్ని

తా.క. తేనె కషాయం పంపుతున్నాను. సీసా మూత కాస్త వదులు. అందుకని నీ తెల్ల గౌనులో చుట్టి పెట్టాను.

రియో

ప్రియమైన పిన్నికి,

నమస్కారాలు. నాకు ఏ జబ్బూ లేదు. ఇప్పుడు మేం పాడే తీరే అది. బోసా నోవా అంటారు. సాంబా నడక, జాజ్ పోకడ, గొంతు మాత్రం పక్కనున్న మనిషి చెవిలో చెప్పినట్టుండాలి. గట్టిగా పాడితే పాట చచ్చిపోతుంది.

అసలు కష్టం వేరే ఉంది. క్లబ్బులో నా పాట ఎవరికీ వినబడదు. గ్లాసుల చప్పుడు, నవ్వులు, కబుర్లు. నిన్న యజమాని గౌదెన్సియో మొహం మీదే అనేశాడు: "శుక్రవారం దాకా చూస్తానమ్మాయీ. ఆ తరువాత నా చేతుల్లో ఏమీ లేదు." ఆ శుక్రవారమే రికార్డు కంపెనీ నుంచి పెషోతో గారు వస్తున్నారు. ఆయన మరోసారి రారు. నాకు ముద్ద దిగడం లేదు. ఇది పోతే పెట్టె సర్దుకుని ఊరికి రావడమే. వచ్చి ఏం చెయ్యను, పావురాలను లేపనా?

నీ
లెనీరా

తా.క. బాబాయికి చెప్పకు. ఆయన సాయానికి బయలుదేరాడంటే ఇక అంతే సంగతులు.

సెర్రో

చిరంజీవి లెనీరాకు,

చెప్పేశాను. ఎలా దాచను? జబ్బు లేదని మొదటి మాటే రాశావంటే ఉన్నట్టే. మీ అమ్మా ఇలాగే అనేది. ముద్ద దిగడం లేదట. ఆ గౌదెన్సియో ఎవడో శుక్రవారం దాకా చూస్తానన్నాడట, ఆపైన చేతుల్లో ఏమీ లేదన్నాడట! క్లబ్బు యజమానులు అలా మాట్లాడరమ్మా, డాక్టర్లు మాట్లాడతారు. ఆ పక్కనున్న చెవి ఎవరిదో కూడా నువ్వు రాయలేదు. పాదిరీ గారు నీ పేర, గొంతు జబ్బులు నయం చేసే పునీత బ్రాస్ గారికి పూజ మొదలుపెట్టారు. మీ బాబాయి నల్ల కోటు తొడుక్కుని బస్సెక్కాడు. ఆయనకు పెళ్ళిళ్ళకీ చావులకీ ఉన్నది అదొక్కటే కోటు.

ఏడుస్తూ,
పిన్ని

తా.క. ఆయన సంచిలో ఏదో బరువుగా ఉంది. చీజు అన్నాడు. చీజంతా వంటింట్లోనే ఉంది. జాగ్రత్త.

రియో

పిన్నీ,

శుక్రవారం మొదటి పాట ఎత్తుకున్నాను. ఎప్పటిలాగే గోల. పెషోతో గారు టోపీ అందుకున్నారు. అప్పుడు తలుపు తోసుకుని బాబాయి వచ్చాడు. చెయ్యి సంచిలో ఉంది. కాపలావాడు పక్కకి తప్పుకున్నాడు. నా పక్కన వాయించే అదెమార్ గిటారు గుండెకు అడ్డం పెట్టుకున్నాడు. నా పని అయిపోయిందనుకున్నాను. బాబాయి బయటికి తీసింది చర్చిలో మోగించే చేతిగంట! ఠంగుమని కొట్టి, "నోళ్ళు మూయండిరా! మా పిల్ల చావుబతుకుల్లో ఉంది. ఇదే ఆఖరి పాట. వినండి!" అని అరిచాడు.

పిన్నీ, గ్లాసుల్లో ఐసు కరిగే చప్పుడు కూడా వినబడింది. ఆ గదిలో నా ఊపిరి నాకు వినబడటం అదే మొదటిసారి. పాడాను. వరసగా పాడుతూనే ఉన్నాను. ఎవరూ కదల్లేదు. చివర పెషోతో గారు తడి కళ్ళతో వచ్చి, "వచ్చే వారమే రికార్డు చేద్దాం, ఆలస్యం వద్దు" అన్నారు. తల ఊపేశాను. బాబాయి నా నుదుట ముద్దుపెట్టి, బయట ఆయనతో ఏదో మాట్లాడి, బస్సుకి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు పేపరులో "మృత్యువు ఒడిలో పాడుతున్న గాయని" అని వేశారు. వాళ్ళు కొన్నది నా పాటనా, నా చావునా? అద్దంలో మొహం చూసుకోలేకపోతున్నాను. రికార్డింగు రోజు పొద్దున్నే నిజం చెప్పేస్తాను. ఒప్పందం కాగితం చించేస్తే చించేయనీ.

లెనీరా

తా.క. ఇవాళ ఆకలికి ఆగలేక తలమీద శాలువా కప్పుకుని సందులో కూర్చుని పంది మాంసం, చిక్కుడు గింజలు తిన్నాను. చచ్చిపోయేవాళ్ళు మారు వడ్డించుకుంటుంటే ఎవరైనా చూస్తే ఏమన్నా ఉందా?

సెర్రో

చిరంజీవి లెనీరాకు,

రికార్డింగుకి ముందే అందాలని దీన్ని బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. మీ బాబాయి వచ్చాడు. నేను శోకాలు పెడుతుంటే నవ్వాడు. "జబ్బేమిటే పిచ్చిదానా! రేడియోలో విన్న రోజే నాకు తెలుసు. ఆ పిల్ల ఊపిరి ఎక్కడ తీసుకుందో కనుక్కోలేకపోయాను. జబ్బుమనిషికి అంత దమ్మెక్కడిది? పాట వినండంటే ఆ జనం వింటారా? చచ్చిపోతోందంటేనే వింటారు" అన్నాడు.

బయటికి వచ్చాక పెషోతో గారికి ఉన్నదున్నట్టు చెప్పేశాడట. ఆయనా నవ్వాడట. "రెండో పాటకే తెలిసిపోయింది పెద్దాయనా. నేను ఏడ్చింది పాటకి, చావుకి కాదు. ఆ గొంతు మా దగ్గరే ఉండాలి" అన్నాడట. అంటే ఆ అబద్ధాన్ని నమ్మింది నేనూ, పేపరువాళ్ళూ, మన ఊరూ. కాబట్టి ధైర్యంగా వెళ్ళి పాడు. నీకు ఎలా కావాలంటే అంత మెల్లగా పాడు తల్లీ. మేమే రేడియోకి దగ్గరగా జరుగుతాం.

ఆశీస్సులతో,
పిన్ని

తా.క. నీకు నయమైందని వినగానే పాదిరీ గారు అద్భుతం జరిగిందని గంటలు కొట్టించారు. వచ్చే నెల ఊరేగింపు. పునీతుడి పల్లకీ వెనకే నువ్వు నడవాలట. నేను కాదనలేకపోయాను. వచ్చేప్పుడు కాస్త చిక్కి రా.