అమ్మ గొంతు, రెండు ఫైళ్ళు

మంగళవారం, మెదక్

రేపు అమ్మను హైదరాబాద్ దవాఖానలో చేర్చాలి. గొంతులో గడ్డ తీస్తారు. తీశాక మాట వస్తుందో రాదో చెప్పలేమని డాక్టరు అన్నారు.

అందుకే సాయంత్రం అమ్మ చేత మాట్లాడించి ఫోన్‌లో రికార్డు చేశాను. ఏం చెప్పాలో తోచక పచ్చిపులుసు ఎలా చేయాలో చెప్పింది. మధ్యలో ఆగి, "ఎంతసేపు మాట్లాడిపిస్తవే? డాక్టర్ కంటె ముందు నువ్వే నా గొంతు తీసేటట్టున్నవ్" అంది. అదీ రికార్డయింది.

ఫోన్‌లో చోటు లేదు. రికార్డయిన వేవ్ ఫైలు ప్రతి చప్పుడునూ ఉంచుకుంటుంది కాబట్టి పెద్దది; దాన్ని చిన్న ఎంపీత్రీగా మార్చి, రెండూ ఇయర్‌ఫోన్స్‌తో విన్నాను. ఎంపీత్రీలో అమ్మ గొంతు నున్నగా, ఏ జబ్బూ లేనట్టే ఉంది. వేవ్‌లో మాటకు ముందు తీసుకునే ఊపిరి, 'స' దగ్గర జీర, మింగలేక ఆగడం, అన్నీ ఉన్నాయి. భయమేసి వేవ్‌నే చెరిపేయబోయాను. కానీ ఎంపీత్రీని మళ్ళీ వేవ్‌గా మార్చినా పోయిన ఊపిరి తిరిగి రాదు. వేవ్ ఉంచి, నా ఆడియో పుస్తకాలు చెరిపేశాను.

పడుకునే ముందు అమ్మ, "రేపు డాక్టర్‌తోని నువ్వే మాట్లాడాలె. జర గట్టిగ అడుగు" అంది.

కొట్టులో, ఆటోలో, చివరికి నా కాలేజీలో కూడా నా బదులు అమ్మే మాట్లాడేది. ఇందాక డాక్టరును అడగాల్సినవి రికార్డరులో చెప్పి చూసుకున్నాను. వేవ్‌లో కూడా నా గొంతు సరిగా వినబడలేదు.