ఇనుము పడని గది

ఇందుమూలముగా మొగల్తూరు వాస్తవ్యురాలు, చేపల గంప దించితే ఊరంతా వినిపించేలా అరిచే మా అక్క సత్యవతి గారికి తెలియజేయడమేమనగా, బెంగళూరు నగరమందు సాంబారులో బెల్లం వేయుటను నేను నేటినుండి నిషేధించాను. ఇక్కడివాళ్లకి ఇంకా కబురు అందలేదు.

అక్కా, నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? బావగారు చేపల వేటకి వెళ్తున్నారా? నేను బాగానే ఉన్నాను. ఫోను చేస్తే గొంతులోనే అంతా పట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను.

చేపల కొట్టులో పని బాగానే ఉంది. పులస అంటే ఏంటని అడిగే జనానికి చేపలు కోస్తున్నాను, నా ఖర్మ. చలి ఎక్కువ. గదికి వస్తే తిట్టడానికైనా మనిషి లేడు. పోయిన వారం కత్తిపీట ముందు కూర్చునుండగానే మళ్లీ ఫిట్స్ వచ్చాయి. ఇక మాత్రలతో లాభం లేదు, ఫిట్స్ పుట్టే చోటుని ఆపరేషన్ చేసి తీసేయాలని పెద్దాసుపత్రిలో అన్నారు. అయితే ఆ చోటు మాట పుట్టే చోటికి దగ్గరగా ఉంటే మాట పడిపోవచ్చట.

అది చూడటానికి ఒక మిషన్ ఉంది. మెదడు పని చేస్తుంటే పిసరంత అయస్కాంతం గుణం పుడుతుందట. నెత్తిన గుండిగ లాంటిది బోర్లించి దాన్ని పట్టుకుంటారు. దగ్గర్లో ఇనుము ఉంటే అంతా చెడిపోతుందని, ఒంటిమీదవన్నీ తీయించి మందపాటి తలుపున్న గదిలో కూర్చోబెట్టారు. నేను మాత్రం ఒక తాళంచెవి ఎవరికీ కనపడకుండా మొలతాడుకి కట్టుకుని వెళ్లాను. ఫిట్స్ వస్తే చేతిలో ఇనుము పెట్టాలి కదా. పెట్టడానికి నువ్వు లేవు.

మిషన్ చూసే అమ్మాయి మన భీమవరం పిల్లే. బయటినుంచి మైకులో అడిగింది.

"ఏంటండీ బాబాయిగారూ, మీరు ఊపిరి పీల్చినప్పుడల్లా గీతలు ఎగురుతున్నాయి?"

"నా మెదడు కాస్త అల్లరిదమ్మా."

"మెదడు కాదండి, మీ దగ్గర ఇనుమేదో ఉంది. ఇచ్చేయండి, మీకు పుణ్యముంటుంది."

ఇచ్చేశాను. చెయ్యి ఖాళీ అయ్యేసరికి భయమేసిందక్కా. తర్వాత బొమ్మలు చూపించి, వాటి పేర్లు పైకి అనకుండా మనసులో అనుకోమన్నారు. పుట్టి బుద్ధెరిగాక నేను నోరు మూసుకుని అనుకున్నది అదే మొదలు.

డాక్టరుగారు అంతా చూసి, ఆ రెండు చోట్లూ దూరదూరంగా ఉన్నాయి, మాటకి భయం లేదన్నారు. మొగల్తూరికీ ద్రాక్షారామానికీ ఉన్నంత దూరం అనుకో. నువ్వు దిగులు పడకు. నేను బాగానే ఉన్నాను.

ఇటు వచ్చేవాళ్లెవరైనా ఉంటే కాసిని ఎండు మెత్తళ్లు పంపు, ఇక్కడ ఆ చేప దొరకదు. బావగారికీ, వీరమ్మ పెద్దమ్మకీ నా నమస్కారాలు చెప్పు. నా నెత్తిన చెయ్యి పెట్టినట్టే అనుకుని దీవించు.

నీ తమ్ముడు,
సూరిబాబు

తా.క. అక్కా, దూరదూరంగా ఉన్నాయని డాక్టరుగారు అనలేదు. అది నేను కల్పించి రాశాను. రెండూ ఒకదాన్నొకటి ఆనుకునే ఉన్నాయట. చేయించుకుంటే మాట పోవచ్చు. మానేస్తే కత్తిపీట దగ్గర మళ్లీ రావచ్చు. ఏం చేద్దామని అడిగారు. మా అక్కనడిగి చెప్తానన్నాను.