గుమ్మం ముందు చాక్లెట్ అక్షరం

డెవెంటర్,
2 డిసెంబరు 1986

తమ్ముడు ఎవర్ట్‌కి అక్క యాకొమీన్ ఆశీస్సులు.

ఇక్కడ నేను క్షేమం. నువ్వూ క్షేమమే అయ్యుంటావు. ఒంట్లో బాగాలేనివాడు పేపర్లో అంత పొడుగు వ్యాసం రాయలేడు.

బహుమతికి మనం డచ్చిలో వాడే 'కాడో' అన్న మాట సింటర్‌క్లాస్ పండక్కి ఇచ్చుకునే చాక్లెట్ అక్షరాల నుంచి పుట్టిందని ఎవడు చెప్పాడురా నీకు? ముప్ఫయ్యేళ్లు నిఘంటువు ఆఫీసులో కళ్లు పోగొట్టుకున్న అక్క ఉందే, ఒక్క ముక్క అడుగుదామని తోచలేదా? నిన్న రొట్టెల కొట్టు ఆవిడ, మీ తమ్ముడు భలే కనిపెట్టాడండీ అని నన్నే మెచ్చుకుంది. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

విను. ఆ 'కాడో' దక్షిణ ఫ్రాన్సులో 'తల' అనే మాట నుంచి పుట్టి, పేజీ మొదట్లో రాసే పెద్ద అక్షరానికి పేరైంది. దానికి తీగలూ మెలికలూ చుట్టేవారు. ఆ అక్కర్లేని సింగారం నుంచి, ఆడవాళ్ల మెప్పు కోసం చేసే విందుకు, తర్వాత బహుమతికి ఆ పేరు పాకింది. అప్పుడు మనం ఫ్రెంచివాళ్ల దగ్గర తెచ్చుకున్నాం. అక్షరం వరకు నీ మాట నిజమే, చాక్లెట్టే అబద్ధం. శుక్రవారం పండగలోపు సవరణ వేయించు.

అయినా చాక్లెట్ అక్షరాల గురించి నువ్వు రాయడమేమిటి? అమ్మ ఉన్నన్నాళ్లూ మనిద్దరికీ ఎవరి పేరు మొదటి అక్షరం వాళ్లకు ఇచ్చేది. ఆవిడ పోయాక మూడు పండగలు వెళ్లాయి. నీ నుంచి ఒక్క అక్షరం రాలేదు. ఏ చుట్టరికమూ లేని పక్కింటి హుక్‌స్ట్రా గారు నయం. ఏటా నా అక్షరం గుమ్మం ముందు పెట్టి, బెల్లు కొట్టి మాయమవుతుంది. ఇచ్చిందెవరని అడగకూడదన్నది పండగ ఆచారం గనక, నేనూ నోరు మెదపకుండా మర్నాడు ఒక సీసా పియర్ జామ్ ఇచ్చి వస్తాను.

ఈసారి కూడా పండక్కి నిన్ను పిలవడం లేదు. మనసు విరిగింది, అంతే.

ఇట్లు,
నీతో విసిగిపోయిన అక్క
యాకొమీన్

తా.క.: స్టాంపు కోసం పక్కింటికి వెళ్లాను. నోరు ఊరుకోక, ఈసారి అక్షరం చిన్నది పెట్టండి, నాకు షుగరు అన్నాను. హుక్‌స్ట్రా గారి మొహం కందిపోయింది. అయ్యో, అందుకా జామ్, ఊరికే ఇస్తున్నారనుకుని తినేశానే అంది. ఎవరో పొడుగాటాయన సైకిల్ మీద వచ్చి, బెల్లు కొట్టి, ఆ వయసులో పడుతూ లేస్తూ పరుగెడతాడట. మీకు తెలుసనుకున్నాను, పైగా చెప్పకూడదు కదండీ అంది.

మూడేళ్లలో నీకు నేనూ ఒక్క అక్షరం ఇవ్వలేదని అప్పుడు తట్టింది. సిగ్గుగా ఉందిరా.

ఈ ఉత్తరం మాత్రం చింపను, సవరణ వేయించాల్సిందే. నీ అక్షరం కొని బల్ల మీద పెట్టాను. శుక్రవారం సాయంత్రం వచ్చి బెల్లు కొట్టు. పారిపోకు.