పేరు చెప్పే వేళ

ఆగస్టు 3, ఆదివారం
మొఘల్‌పురా. మూతబడ్డ బడి, పై గది. ఫ్యాను తిరగదు, కిటికీ మూసుకోదు. కొత్త నాటకానికి వర్క్‌షాపు ఇక్కడే. శ్రీధర్ సార్ నియమం ఒకటే: ఎవరి కథ వాళ్లు ఆడకూడదు, ఇంకొకరి చేతిలో పెట్టాలి.

నా వంతు. తమ్ముడి సంగతి చెప్పాను. డేవిడ్. పెళ్లి బ్యాండులో డ్రమ్ము. మొన్నటి చలికాలం, బరాత్ మధ్యలో అకాల వాన, తడిసిన లైటు వైరు... అక్కడ ఆగిపోయాను. సలీం లేచాడు. "నాకియ్యి అక్కా, నేను చేస్తా."

ఇచ్చేశాను. ఇస్త్రీకి బట్టలిచ్చినంత తేలిగ్గా.

ఆగస్టు 5
సలీం దర్జీ. కొలతలు తీసుకున్నట్టే అడుగుతాడు. ఎట్లా నవ్వేవాడు, ఎట్లా నడిచేవాడు, అన్నంలో ముందు ఏం తినేవాడు. చెప్పాను — మంచి ముక్కను అన్నం కింద దాచుకుని చివర్లో తినేవాడు. ఖాళీ పళ్లెంతో చేసి చూపించాడు. చివర్న ఆ వేళ్లు అన్నం కింద వెతుక్కోవడం... బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను.

ఆగస్టు 6
నిద్ర లేదు. రాయడానికీ ఏమీ లేదు.

ఆగస్టు 9
రోజూ చివర్లో అందరూ గుండ్రంగా నిలబడి, భుజాలు దులుపుకుని, సొంత పేరు చెప్పాలి. "పాత్రను ఇక్కడే వదిలేసి వెళ్లాలండీ. లేదంటే మీతో పాటు ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుంటుంది" అంటారు సార్.

సలీం దులుపుకున్నాడు. "నేను సలీం."

ఎంత మామూలుగా అన్నాడో. నా తమ్ముడు మళ్లీ పోయాడు.

ఆగస్టు 12
అమ్మకు చెప్పాను. చెప్పక తప్పదు, తను వద్దంటే ఈ నాటకం లేదని సార్‌తో ముందే అన్నాను.

"సచ్చినోనితోని ఆటలాడుతున్నరా?" అంది. అంతే. తలుపు వైపు తిరిగి పడుకుంది.

ఆగస్టు 14
అమ్మ వచ్చింది! దబీర్‌పురాలోని మా ఇంటి నుంచి ఒక్కతే, ఆటోలో. ఎవరినీ పలకరించకుండా కిటికీ పక్కన కూర్చుంది. సలీం బెంచీ మీద పుల్లలతో వాయిస్తున్నాడు. కాసేపు చూసింది.

"వాడు గట్ల కొట్టడు. వానిది ఎడమ చెయ్యి."

సలీం పుల్లలు మార్చుకున్నాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంటికి తీసుకుపోదామని లేవబోతే నా చేయి విదిలించింది.

ఆగస్టు 18
ఇప్పుడు రోజూ వస్తోంది. టిఫిన్ బాక్సుతో. ఇవాళ బోటీ కూర. "తిను బిడ్డా, మస్తు సన్నబడ్డవ్." సలీం ముక్కను అన్నం కింద దాచాడు. అప్పుడు రిహార్సల్ జరగడం లేదు. అయినా దాచాడు. అమ్మ నవ్వింది, ఆ చలికాలం తర్వాత మొదటిసారి.

సంతోషించాలి కదా. కళ్లలో నిప్పులు పోసుకున్నాను. నా పాత్ర వేసే శైలజతో అమ్మ "తమ్మునికి నీళ్లియ్యి" అంటుంది. నాతో — "జర జరుగు, అడ్డమున్నవ్."

ఆగస్టు 21
గుండ్రంగా నిలబడ్డాం. సలీం భుజం మీద చెయ్యి వేసుకున్నాడు, దులుపుకోబోతున్నాడు.

"జర ఆగు బిడ్డా. నేను మెట్లు దిగినంక చెప్పు."

అమ్మ దిగింది. చెప్పుల చప్పుడు పూర్తిగా పోయేదాకా ఎవరం కదల్లేదు. అప్పుడు చెప్పాడు, గుసగుసగా. ఆ పూట శైలజ నావైపు చూడలేదు.

ఆగస్టు 23
సలీం పక్కకు పిలిచాడు. "పేరు చెప్పినా గానీ పోతలేడు అక్కా. దుకాణంల ఎడమ చేత్తోని కత్తెర పడుతున్న. మా అమ్మీ ఒకటే ఫికర్ చేస్తుంది."

తమ్ముడు పోయే ఆఖరి సీను ఇంకా చేయలేదు. ఇక వాయిదా వద్దన్నారు సార్. అమ్మ వినేసింది.

"అది లేకుంటే ఏమైతది? పెండ్లి అయిపోయింది, ఇంటికొచ్చిండు, అన్నం తిన్నడు... గిట్ల పెట్టుండ్రి."

"అలా చేస్తే అబద్ధం అవుతుందమ్మా."

"అయితె కానీ. నిజంతోని నాకేం ఒరిగింది?"

 

ఆగస్టు 24
అరిచేశాను. ఇంట్లో, గిన్నెలు తోముతూ. "నాకు గూడ తమ్ముడే పోయిండమ్మా!"

బియ్యం ఏరుతున్న చేతులు ఆగలేదు. "తెలుసు. నీకు రాసుకోనీకి వస్తది. నాకేమొస్తది?"

ఆ మాట ఇక్కడ రాస్తున్నాను చూడు. సిగ్గుగా ఉంది.

ఆగస్టు 27
వాన. అమ్మ రాలేదు. సలీం బాక్సు కోసం తలుపు వైపు చూశాడు. నేనూ.

ఆగస్టు 29
ఆఖరి సీను చేశారు. అరుపుల్లేవు. పుల్లలు నేల మీద పడ్డాయి, అంతే. అమ్మ లేచి పోతుందనుకున్నాను. పోలేదు.

గుండ్రంగా నిలబడ్డాం. సలీంకు పేరు నోట రావడం లేదు.  అప్పుడు అమ్మ లేచి వచ్చింది. కొంగుతో వాడి భుజాలు దులిపింది, వీపు దులిపింది. చిన్నప్పుడు మట్టిలో ఆడి వస్తే మా ఇద్దరినీ గుమ్మంలో ఇట్లాగే దులిపేది.

"చెప్పు బిడ్డా. మీ అమ్మ నీకోసం సూస్తుంటది."

"నేను... సలీం."

పక్కన నిలబడ్డది తనే కనుక సార్ అలవాటుగా అమ్మ వైపు తిరిగారు. ఆమె వంతు. నోరు తెరిచింది. పేరు చెప్పకుండానే బాక్సు తీసుకుని నడిచింది. దారి పొడుగునా నా చెయ్యి పట్టుకునే ఉంది. ఆటోలో నేను ఏడ్చాను, ఆమె ఏడవలేదు.

ఆగస్టు 31, ఆదివారం
ఇవాళే ప్రదర్శన. టిఫిన్ బాక్సు కడిగి అటక మీద బోర్లించి ఉంది. అమ్మ పాత చీరలోనే. వస్తావా అని మూడోసారి అడగడానికి భయమేసింది. నేనే సంచీ సర్దుకుంటున్నాను.

"ఆట అయినంక సలీం పేరు చెప్తడా? అందరి ముందట?"

"మైకులో సారే చెప్తారు. డేవిడ్ పాత్రలో సలీం అని."

 బియ్యం చేటలో చెయ్యి ఆగింది.

"పెండ్లిళ్లల్ల మైకుల అందరి పేర్లు చెప్తరు. చదివింపులోళ్లవి గూడ. బ్యాండోళ్ల పేరు ఎన్నడన్న చెప్పిండ్రా?"

"లేదమ్మా."

"ఒక్కపారే చెప్తరా, మళ్ల చెప్తరా?"

"ఒక్కసారే."

లేచింది. గుమ్మం దగ్గర చెప్పులు వెతుకుతోంది. చీర మార్చుకోలేదు. వస్తుందో, గల్లీ చివరిదాకా సాగనంపుతుందో... అడగలేకపోతున్నాను. ఆటో వచ్చింది.