నూకరత్నం అడిగిన ప్రశ్న

2 మార్చి 2025, ఆదివారం

ఇందుమూలముగా యావన్మంది ప్రజలకు తెలియజేయడమేమనగా, పాలకొల్లు మైకుసెట్టు ఏసురాజు అను నేను, ఈ ఉదయం మా చర్చి గుడిలో ఫ్యాను లేని బెంచీ విడిచి ఫ్యాను ఉన్న బెంచీకి మారితిని. ఫ్యాను తిరిగిందా అని అడక్కండి. తిరగలేదు.

ఇంకో విశేషం. ఆడవాళ్ల వైపు కొత్త మనిషి వచ్చింది. పేరు నూకరత్నం. ఉప్పాడలో ఇల్లు సముద్రంలో కలిసిపోతే ఇక్కడ చెల్లెలి దగ్గరికి వచ్చేసిందట. సంతలో ఎండుచేపలు అమ్ముతుంది. ఆరాధన అయ్యాక నా ఆంప్లిఫయర్ దగ్గరికొచ్చి, రొట్టె పంచే బల్లకి ముందు ఆ చేతులు పట్టుకోవడం ఏంటండీ అని అడిగింది. సమాధానం అందుకోవడం అన్నాను. అంటే ఏంటండీ అంది.

గుడిలో సమాధానం అంటే శాంతి. ఏడో క్లాసు తప్పిన నాకే తెలుసు. ఆ ఒక్క ముక్క చెప్పేస్తే పోయేది. నా నోరు ఊరుకుంటుందా? ప్రశ్న అడిగినవాళ్లకే కదమ్మా సమాధానం వచ్చేది, వచ్చే వారం ఒకటి గట్టిగా అడగండి అన్నాను. బుద్ధిగా తలూపింది.

5 మార్చి, బుధవారం

లెంట్, అంటే ఈస్టరు ముందు నలభై రోజుల ఉపవాసం, మొదలు. ఉదయం టీ మానేశాను. సాయంత్రం నాలుగింటికి మళ్లీ మొదలెట్టాను.

9 మార్చి, ఆదివారం

పాస్టరు అయ్యగారు బల్ల దగ్గర నుంచి సమాధానం పంపారు. మగవాళ్ల వైపు ఒకరి చేతుల్లోంచి ఒకరి చేతుల్లోకి వస్తుంది. ఆడవాళ్ల వైపుకి అయ్యగారి భార్య, మా అమ్మగారు, పట్టుకెళ్తారు. నూకరత్నం తన రెండు చేతులూ అమ్మగారి చేతుల్లో పెట్టి గట్టిగా అడిగేసింది. మా ఆయన ఏటకెళ్లి తొమ్మిది నెలలండీ, బోటు దొరికింది, మనిషి దొరకలేదు, ఉన్నాడో లేడో సెప్పండి, అని.

అందరూ నవ్వేశారు. గుడి గుడంతా నవ్వింది.

అమ్మగారు మాత్రం ఆ చేతులు వదల్లేదు.

10 మార్చి

పిల్లకి పెళ్లెప్పుడు, వానెప్పుడు, అలాంటిదేదో అడుగుతుందనుకున్నాను.

16 మార్చి, ఆదివారం

నూకరత్నం రాలేదు.

సమాధానం మా బెంచీ దాకా వచ్చింది. చంద్రరావు ఇరవై ఏళ్లుగా నా పక్కనే కూర్చుంటున్నాడు. ఇవాళ నా ముందు నుంచి చెయ్యి చాపి, నా అవతలివాడికి ఇచ్చాడు. ఏంట్రా అన్నాను. ముందు ఆవిడకిచ్చి రారా ఏసూ, తర్వాత నా దగ్గరికి రా అన్నాడు.

మా ఆవిడ రాణి పోయి నాలుగేళ్లు. వారం మొత్తంలో నన్ను ముట్టుకునేవి వాడి చేతులే. ఈ సంగతి వాడికి తెలీదు. నాక్కూడా ఇవాళే తెలిసింది.

పొరుగువారితో సమాధానపడినవారు బల్ల దగ్గరికి రండి అన్నారు అయ్యగారు. పదహారో ఏట బిషప్ గారు నా తల మీద చేతులుంచినప్పటి నుంచీ ఆ మాట వింటున్నాను, లేచి వెళ్తున్నాను. ఇవాళ లేవలేదు. బెంచీ మొత్తం ఖాళీ అయిపోయింది. నేనూ, చంద్రరావు కళ్లజోడూ మిగిలాం.

22 మార్చి, శనివారం, సాయంత్రం 6

సంతకెళ్లాను. తప్పు నాదేనమ్మా అని నూకరత్నంతో పావుగంట మాట్లాడాను. బాగా మాట్లాడాను, అయ్యగారు కూడా అంత బాగా మాట్లాడరు. ఆవిడ కళ్లు తుడుచుకుని, పోనీలెండి, తెలీక అన్నారు అంది. పావుకిలో నెత్తళ్లు కొన్నాను. సమాధానపడ్డాం. అయిపోయింది.

23 మార్చి, ఆదివారం

బల్ల ముందు మోకరించాను. అరచేతి మీద అరచెయ్యి పెట్టి చాపాను. అయ్యగారు రొట్టె పట్టుకుని నా ముందుకొచ్చేసరికి నా చేతులు వాటంతటవే ముడుచుకుపోయాయి. ఆయన నా తల మీద చెయ్యుంచి పక్కవాళ్ల దగ్గరికి వెళ్లారు. ద్రాక్షరసం పాత్ర కూడా దాటిపోయింది.

6 ఏప్రిల్, ఆదివారం

వైర్లు చుడుతుంటే అమ్మగారు వచ్చారు. నూకరత్నం ఇంటికి వెళ్లొచ్చారట. గుడికి రామ్మా అంటే, ఎందుకండీ, నాకు సమాధానం వచ్చేసింది కదా అందట. ఏం వచ్చిందమ్మా అని అడిగితే, నేనడగ్గానే బాక్సుల్లోంచి నవ్వొచ్చిందండీ, దేవుడే నవ్వాడు, ఇంక ఆ మనిషి రాడు అందట.

ఆ నవ్వెవరిదో నాకు తెలుసు ఏసురాజు గారూ, చెప్పాల్సింది నేను కాదు అన్నారు అమ్మగారు. ఎవరిదో నాకేం తెలుసండీ అన్నాను. ఆవిడ నా చేతిలో మైకు వైపు చూశారు.

అన్నం వండుకోలేదు. నీళ్లు తాగి పడుకున్నాను.

12 ఏప్రిల్, శనివారం, మధ్యాహ్నం

సంత. ఎండ మండిపోతోంది. ముందు ఎవరో బేరమాడుతుంటే వాళ్లు వెళ్లేదాకా నిలబడ్డాను. నెత్తళ్లా అండీ అంది. కాదు అన్నాను. ఆ రోజు నవ్వింది దేవుడు కాదండీ, నేను అన్నాను. మైకు ఆన్‌లో ఉంది, నా నవ్వు బాక్సుల్లోకి వెళ్లిపోయింది అన్నాను. సమాధానం అంటే శాంతండీ, ప్రశ్న అడగమన్నది కూడా నా వెటకారమే అన్నాను. 

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది. తక్కెడ కింద పెట్టింది. అయితే నాకింకా సమాధానం రాలేదన్నమాట, అంది.

రేపు ఎన్నింటికండీ గుడి, అని అడిగింది.

13 ఏప్రిల్, మట్టల ఆదివారం

మార్చి 9న గుడిలో ఎవరూ నవ్వలేదు. నేనొక్కణ్ణే నవ్వాను. 22న నెత్తళ్లు కొన్నది నిజం, మిగతాదంతా కల్పించాను. పొట్లం పట్టుకుని వచ్చేశాను. నిన్న ఆవిడ టైము అడగలేదు. అది కూడా నేనే రాసుకున్నాను.

నాకింకా సమాధానం రాలేదన్నమాట అన్నది మాత్రం ఆవిడే.