అతిథి కూలీలట, అక్కా!

అక్కా,

నువ్వు వెళ్ళి ఏడు నెలలైంది. వైశాలిలోని మన ఇంట్లో నీ గది అలాగే ఉంది. బల్ల మీద జర్మన్ నిఘంటువు, పక్కనే నీ దగ్గర జర్మన్ నేర్చుకునే నర్సుల నోటు పుస్తకాలు, అవి దిద్దే ఎర్ర పెన్ను... తీయబుద్ధి కాలేదు. బాగున్నావా అని అడగను. నేను మాత్రం బాగా లేను. ఒళ్ళు మండిపోతోంది.

నీ పుస్తకం వచ్చింది.

అదే, ఆ జర్మన్ వైన్ కుటుంబం చరిత్ర. వాళ్ళ సీసాలు తెప్పించే గురుగ్రామ్ కంపెనీ, హోటళ్ళలో వడ్డించేవాళ్ళు ఆ కథ చెప్పాలని నీ చేత హిందీలోకి చేయించింది చూడు, అది. ఆ పని ఒప్పుకున్నప్పుడు ఎంత పోట్లాడాను! సారా కొట్టుకి స్థలపురాణం రాస్తున్నావా అన్నాను. నువ్వు నవ్వేసి, "ఒరేయ్, ముందు పూర్తిగా చదువు, తర్వాత తిట్టు" అన్నావు. చదవలేదు. తిట్టడం మాత్రం ఆపలేదు.

ఇప్పుడు చదివాను. మూడు వందల ఏళ్ళుగా ఒకే కుటుంబం. నది ఒడ్డున, నిలబడితేనే కాలు జారే పలకరాతి వాలు. వేళ్ళకు పురుగు పట్టి తోటంతా ఎండిపోతే మళ్ళీ మొదటి తీగ నుంచి నాటుకోవడం... బాగుందే! నిజంగా బాగుంది. యుద్ధం అధ్యాయం వచ్చేదాకా.

ఊళ్ళో మగవాళ్ళంతా సైన్యంలోకి పోతే ద్రాక్ష కోసిందెవరు? 'మెహమాన్ మజ్దూర్' అని ఉంది. అతిథి కూలీలట! విందుకి పిలిస్తే వచ్చారా? పోలండ్ నుంచి, ఉక్రెయిన్ నుంచి రైలు పెట్టెల్లో కుక్కి తెచ్చిన మనుషులు అతిథులా?

నువ్వు ఇలా రాయవు. ఆ ఒక్క మాట కోసం మూడు రోజులు సరిగ్గా తినకుండా కూర్చున్నావు. "బేగార్ అని పెడుతున్నానురా. మన మాటలో వెట్టి. దేశం వేరు, కాలం వేరు. కానీ రాను అనడానికి వీల్లేని పని కదా... నాయనమ్మ చేసిందీ అదే" అన్నావు. నీ నోటు పుస్తకం తీసి చూశాను. బేగార్ అనే ఉంది. కింద రెండు గీతలు.

మరి మార్చిందెవరు? జర్మన్లే అనుకున్నాను. వాళ్ళని చీల్చి చెండాడుతూ వ్యాసం కూడా మొదలుపెట్టాను. నీ శిష్యురాలు సునీత ఆదివారం చర్చి నుంచి ఇటే వస్తే, జర్మన్ పుస్తకం చదివి చెప్పమన్నాను. వాళ్ళు దాచలేదక్కా! బలవంతపు చాకిరీ అని సొంత పుస్తకంలో సొంత పేరుతో అచ్చేసుకున్నారు. కోసినవాళ్ళ పేర్లు దొరికినన్ని ఇచ్చారు. ఆ ఇంటి మనవరాలే పాత కాగితాలు తవ్వి రాసిందట.

తుడిచేసింది మనవాళ్ళు!

గురుగ్రామ్ వెళ్ళాను. మేనేజరు మన గుంటూరువాడే. అంకుల్, అంకుల్ అంటూ టీ ఇప్పించాడు. ఆంటీ బాగా రాశారట, కానీ బేగార్ అనేది పల్లెటూరి మాటట, భోజనాల దగ్గర మూడ్ పాడవుతుందట. ఎవరి మూడ్? జర్మన్లు ఒప్పుకున్న తప్పుని గుంటూరువాడు ఎందుకు కప్పాలి? ఆ మాట వినగానే వాడికి ఎవరు గుర్తొచ్చారు? చాకిరీ చేసినవాళ్ళా, చేయించుకున్నవాళ్ళా?

పోనీ నీ పేరైనా తీసెయ్యమన్నాను. అది ఆంటీకి నివాళి అట.

నివాళి! అబద్ధం కింద నీ పేరు...

వాణ్ణి ఎంతసేపని తిట్టను? ఆఖరి ప్రూఫు వచ్చేసరికి నువ్వు ఆసుపత్రిలో ఉన్నావు. "ఒక్కసారి చూసి పెట్టరా" అన్నావు. మద్యం వ్యాపారుల కాగితాలు ముట్టనన్నాను. ముట్టి ఉంటే? ఆ పేజీ దాకా వచ్చి ఉంటే? నా సిద్ధాంతం చెక్కుచెదరలేదు. నీ మాటే పోయింది.

ఆ మనవరాలికి ఉత్తరం పంపాను. సునీత జర్మన్‌లో రాసింది. నీ నోటు పుస్తకం పేజీ ఫొటో తీసి జతచేశాం. జవాబు రాలేదింకా. నివాళి పేరుతో నాకు పంపిన ఇరవై ప్రతుల్లోనూ 'మెహమాన్ మజ్దూర్' అన్న ఆ రెండు ముక్కలు కొట్టేసి, పైన బేగార్ అని నీ ఎర్ర పెన్నుతోనే దిద్దాను. మిగతావి హోటళ్ళలో ఉన్నాయి. ఒక్కో హోటల్‌కీ వెళ్తాను. వడ్డించేవాళ్ళని కూర్చోబెట్టి ఆ పేజీ చెప్తాను. గెంటేస్తారా? గెంటనీ. మళ్ళీ వెళ్తాను.

పూర్తిగా చదివానక్కా.

ఇక తిడతాను.

నీ తమ్ముడు