ఉతకని రుమాలు

తమ్ముడికి,

నీ క్షేమం అడగడానికి రాయడం లేదు.

సెలవుల్లో సాలూరులో నీ పంక్చర్ షాపుకి పంపిన నా కొడుకు త్రినాథ్ జేబురుమాలు రోజూ ఇంటికొచ్చేసరికి ట్యూబులకి పట్టీ అతికించే సొల్యూషన్ వాసన కొట్టేది. పని నేర్చుకుంటున్నాడని మురిసిపోయి ఉతికాను. మత్తు కోసం పీలుస్తున్నాడని తెలీలేదు. మొన్న ఆ మత్తు మీద బీరు కూడా తాగి, బండి మీద మరో ఇద్దర్ని ఎక్కించుకుని పడి, కాలు విరగ్గొట్టుకున్నాడు.

ఆసుపత్రికొచ్చి నవ్వుతూ ఏమన్నావు? “కుర్రోలన్నాక సేస్తారే అప్పా. మనమ్మ అడ్డపొగ కాల్సనేదేటి?”

కాల్చింది. చుట్ట నిప్పు తన నోట్లోనే పెట్టుకుంది. పిల్లల చేతికివ్వలేదు. ఆ సొల్యూషన్ ట్యూబులు అడిగినప్పుడల్లా నువ్వే ఇచ్చావట.

ఈ కవర్లో పెట్టిన రుమాలు త్రినాథ్‌ది కాదు. వాణ్ణి చూడ్డానికొచ్చి నీ కూతురు ఝాన్సీ మంచం మీద మరిచిపోయింది. నేను ఉతకలేదు. వాసన చూసి, అప్పుడు నవ్వు.

నీ అప్ప